నీటికాసులు: అంధత్వం, ముప్పు కారణాల చరిత్ర

నీటికాసులు, అంటే గ్లకోమా, దృష్టి నాడిని తినేసే జబ్బు. కంటిలో ఊరే ద్రవం సరిగా బయటికి పోక ఒత్తిడి పెరగడం ఇందుకు ప్రధాన కారణం. పోయిన చూపు తిరిగి రాదు. ఆసుపత్రికి చేరిన రోగికి చూపు దక్కుతుందా లేదా అన్నది ఏ దశలో వచ్చాడన్న దాన్నిబట్టే చాలావరకు తేలిపోతుంది.

18వ శతాబ్దం మొదటి దాకా దీన్ని శుక్లాలతో కలగలిపి చూసేవారు. 1830లో స్కాట్లాండ్ వైద్యుడు విలియం మెకంజీ ఈ జబ్బులో కనుగుడ్డు గట్టిపడుతుందని వివరించాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ తెచ్చిన, కంటి లోపలికి చూసే పరికరం ఆప్తాల్మోస్కోప్‌తో బతికున్న మనిషి దృష్టి నాడిని చూడటం వీలైంది. 1857లో బెర్లిన్‌ వైద్యుడు ఫాన్ గ్రేఫే ఐరిస్‌లో కొంత ముక్క కోసేసే ఆపరేషన్ ప్రకటించాడు. ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులతో వచ్చే కన్ను దీనితో నిలిచేది. నొప్పి లేకుండా సాగే రకానికి మాత్రం అంతగా పనిచేయలేదు.

ఆ కొరతను తీర్చడానికి జరిగిన ప్రయత్నాల్లో ఒకటి మద్రాసుది. ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రి సూపరింటెండెంట్ రాబర్ట్ హెన్రీ ఎలియట్ 1909లో నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున చిన్న గుండ్రటి రంధ్రం పెట్టి, ద్రవం పైపొర కిందికి ఇంకిపోయే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఏళ్ల తర్వాత ఆ రంధ్రం గుండా ఇన్‌ఫెక్షన్ లోపలికి పోయే ప్రమాదం ఉండేది. 1968లో కెయిర్న్స్ అనే వైద్యుడు రంధ్రం మీద తెల్లగుడ్డు పొరనే మూతగా ఉంచే ట్రాబెక్యులెక్టమీని ప్రవేశపెట్టాక ఎలియట్ పద్ధతి వెనకబడింది.

ఇక ముప్పు సంగతి. వయసు, కంటి ఒత్తిడి, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండటం అందరూ చెప్పేవే. డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో కొని నెలల తరబడి వేసుకునే స్టెరాయిడ్ చుక్కలు, చక్కెర జబ్బు ముదిరి కంటిలో పుట్టే కొత్త రక్తనాళాలు కూడా మన ఆసుపత్రుల్లో కన్నును పోగొడుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద ముప్పు ఆలస్యం. మధ్య చూపు చిట్టచివర పోతుంది గనుక, పక్కచూపు దాదాపు లేని మనిషి కూడా కంటి పరీక్ష బోర్డు మీది చివరి వరుస తప్పు లేకుండా చదివేస్తాడు. గుమ్మాలకు తగులుకోవడం, మెట్లు తప్పడం ఇంట్లోవాళ్లు వయసు మీదికి తోసేస్తారు. 1996 - 2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో, హైదరాబాద్‌లో నొప్పి లేకుండా సాగే ఓపెన్ యాంగిల్ రకం బయటపడ్డ వారిలో పదింట తొమ్మిది మందికి పైగా తమకు జబ్బున్నట్టే తెలియదు.

చికిత్సకు వస్తే, కంటి ఒత్తిడిని తగ్గించే మందుల్లో 1978లో అమెరికాలో అనుమతి పొందిన టిమొలాల్, 1996లో వచ్చిన లాటానోప్రోస్ట్ చుక్కలు ఆపరేషన్ల అవసరాన్ని బాగా తగ్గించాయి. కానీ ఇవి చూపును పెంచవు, ఉన్నదాన్ని కాపాడతాయంతే. చుక్కలు వేసుకున్నా తేడా కనబడక, సీసా అయిపోయాక మళ్లీ కొనని రోగులు ఎందరో.