ఫుడ్ యూనిట్ పెట్టాలనుకుంటున్నారా? కన్సల్టెంట్‌కు ఫీజు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

జగిత్యాలలో పసుపు పొడి, ఆదిలాబాద్‌లో కందిపప్పు మిల్లు, కరీంనగర్‌లో చిరుధాన్యాల బిస్కెట్లు... ఆలోచన ఏదైనా బ్యాంకుకు వెళ్తే మొదట అడిగేది ఒక్కటే: ‘డీపీఆర్ తెచ్చారా?’ చాలామంది కన్సల్టెంట్ల చుట్టూ తిరగడం అక్కడే మొదలవుతుంది. ‘రిపోర్టు మేమే రాస్తాం, లోన్ మేమే ఇప్పిస్తాం, సబ్సిడీ గ్యారంటీ’ అంటూ అడ్వాన్స్ అడిగేవాళ్లూ ఉంటారు. నిజానికి చిన్న యూనిట్లకు ఈ పనిలో చాలా భాగం ప్రభుత్వ పథకాల కింద ఉచితంగానే జరుగుతుంది. ఏది ఉచితం, దేనికి ఫీజు ఇవ్వొచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలో చూద్దాం.

డీపీఆర్ అంటే ఏమిటి?

డీటెయిల్డ్ ప్రాజెక్ట్ రిపోర్టునే డీపీఆర్ అంటారు. ఏం తయారు చేస్తారు, మిషన్లు ఎంత, ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుంది, కరెంటు, కూలీల ఖర్చు ఎంత, సరుకు ఎవరు కొంటారు, లోన్ ఎన్నేళ్లలో తీరుతుంది... వీటన్నింటి లెక్క ఇందులో ఉండాలి. బ్యాంకు మేనేజర్ ముందుగా చూసేది వాయిదాలు కట్టగలరా లేదా అన్నదే. మరో ఊరి యూనిట్ కోసం రాసిన రిపోర్టులో పేరు, చిరునామా మార్చి ఇస్తే, ‘కిలో ముడిసరుకు ఎంతకు కొంటున్నారు?’ అన్న మొదటి ప్రశ్న దగ్గరే దొరికిపోతారు.

ఉచితంగా సాయం చేసేది ఎవరు?

చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020 జూన్‌లో పీఎంఎఫ్ఎంఈ పథకం ప్రారంభించింది. దీని కింద జిల్లాల్లో డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్లను (డీఆర్పీ) నియమించారు. డీపీఆర్ తయారీ, ఆన్‌లైన్ దరఖాస్తు, బ్యాంకుతో మాట్లాడటం, ఉద్యమ్, జీఎస్టీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్లు ఇప్పించడం వీరి పని. మంజూరైన ఒక్కో లోన్‌కు పథకం నిధుల నుంచే వీరికి రూ.20 వేలు ఇస్తారు. సగం లోన్ మంజూరయ్యాక, మిగతా సగం రిజిస్ట్రేషన్లు, శిక్షణ పూర్తయి యూనిట్ నడవడం మొదలయ్యాక. కాబట్టి మీరు విడిగా ఫీజు ఇవ్వాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. డీఆర్పీకి డబ్బు వచ్చేది లోన్ మంజూరై, యూనిట్ మొదలైతేనే. మీ సరుకు అమ్ముడుపోతుందా లేదా అన్నది ఆ లెక్కలో లేదు. కాగితాల పని వాళ్లకు వదిలేయండి. మార్కెట్ లెక్క మాత్రం మీరే చేసుకోవాలి.

సబ్సిడీ ఎలా వస్తుంది?

పీఎంఎఫ్ఎంఈలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంటుంది. గరిష్ఠంగా రూ.10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం. భూమి ధరను ప్రాజెక్టు ఖర్చులో కలపరు.

ఉదాహరణకు యూనిట్ ఖర్చు రూ.20 లక్షలు అనుకుందాం. మీరు రూ.2 లక్షలు పెడితే బ్యాంకు రూ.18 లక్షలు ఇస్తుంది. సబ్సిడీ రూ.7 లక్షలు మీ చేతికి రాదు. బ్యాంకులో మీ లోన్‌కు అనుబంధంగా ఉండే విడి ఖాతాలో జమవుతుంది. మూడేళ్ల పాటు యూనిట్ నడుస్తూ, వాయిదాలు సక్రమంగా కడితేనే ఆ మొత్తాన్ని లోన్‌లో సర్దుబాటు చేస్తారు. ‘సబ్సిడీ రాగానే మా కమీషన్ ఇవ్వండి’ అని ఎవరైనా అంటే అనుమానించాల్సింది ఇందుకే.

మొదట 2024-25 వరకు అనుకున్న ఈ పథకాన్ని తర్వాత 2025-26 వరకు పొడిగించారు. దరఖాస్తు చేసే ముందు గడువు, తాజా నిబంధనలు అధికారిక పోర్టల్‌లో సరిచూసుకోండి.

వేరే దారులు ఉన్నాయా?

- పీఎంఈజీపీ: కొత్త తయారీ యూనిట్‌కు రూ.50 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. గ్రామాల్లో జనరల్ కేటగిరీకి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాలకు 35 శాతం సబ్సిడీ. జిల్లా పరిశ్రమల కేంద్రంలో వివరాలు తెలుస్తాయి.
- వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి: గోదాములు, గ్రేడింగ్, ప్రాథమిక ప్రాసెసింగ్ వంటి వాటికి రూ.2 కోట్ల వరకు లోన్‌పై ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ.
- అగ్రి క్లినిక్: వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్లు రైతులకు సలహాలివ్వడాన్నే ఉపాధిగా మలచుకునేందుకు 2002 నుంచి ఉన్న పథకం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ద్వారా ఉచిత శిక్షణ ఇస్తారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. ఫీజు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

సాంకేతిక సలహా ఎక్కడ దొరుకుతుంది?

ఏ మిషన్ కొనాలి, సరుకు ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది అన్న ప్రశ్నలకు కృషి విజ్ఞాన కేంద్రాలు మొదటి మెట్టు. ఉమ్మడి కరీంనగర్‌లో జమ్మికుంట, రామగిరిఖిల్లాలో, ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఆదిలాబాద్, బెల్లంపల్లిలో ఇవి ఉన్నాయి. పంట రకాలు, ముడిసరుకు నాణ్యత గురించైతే జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. స్టార్టప్ స్థాయి ఆలోచన అయితే వ్యవసాయ వర్సిటీకి చెందిన అగ్‌హబ్, చిరుధాన్యాలకు రాజేంద్రనగర్‌లోని న్యూట్రిహబ్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వ్యాపార ఇంక్యుబేటర్ ఉన్నాయి.

ఉట్నూరు ఏం చెబుతోంది?

మంచి సలహా, ముందే కుదిరిన కొనుగోలుదారు రెండూ ఉంటే ఏమవుతుందో ఉట్నూరులో చూడొచ్చు. గిరిపోషణ కార్యక్రమంలో ఇక్రిశాట్ సాంకేతిక సాయంతో, ఐటీడీఏ అండతో గిరిజన మహిళలు జొన్న, పప్పులు, వేరుశనగ వంటి వాటితో పోషకాహారం తయారు చేసే యూనిట్ నడిపారు. సరుకు గిరిజన ప్రాంతాల్లో పోషకాహార పంపిణీకే వెళ్లింది. అక్కడి భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలతో పేరు తెచ్చుకుంది. 2025 మార్చి 30న ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా ఆదిలాబాద్ జిల్లా ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు.

ముడిసరుకు చుట్టుపక్కలే దొరుకుతుంది, తయారు చేసేవాళ్లకు దాని గురించి తెలుసు, కొనేవాళ్లు ఉన్నారు. మీ ప్రాజెక్టులో ఈ మూడింటిలో ఏది లేదో చూసుకోండి. ఫీజు ఇచ్చి సలహా తీసుకోవాల్సింది అక్కడే.

ఇథనాల్ వంటి ఇంధన ప్రాజెక్టుల సంగతేంటి?

వీటి ఖర్చు కోట్లలో ఉంటుంది. పర్యావరణ అనుమతులు, నీటి కేటాయింపు, వ్యర్థాల శుద్ధి వంటి వాటికి ప్రొఫెషనల్ కన్సల్టెంట్లు తప్పనిసరి. అయినా రిపోర్టు బాగున్నంత మాత్రాన ప్రాజెక్టు నిలబడదని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ చూపించింది. అక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబర్ 26న గ్రామస్తులు నిర్మల్–భైంసా రహదారిపై బైఠాయించారు. ఆందోళన మర్నాడూ కొనసాగడంతో పనులు ఆపాలని అధికారులు ఆదేశించారు.

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మాత్రమే తయారు చేసే ప్లాంట్లకు అనుమతులు త్వరగా ఇచ్చేందుకు కేంద్రం 2021లో నిబంధనలు సడలించింది. దాంతో షరతులకు లోబడి ఇలాంటి ప్లాంట్లు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి పొందే వీలు కలిగింది. చట్టం అడగలేదని ఊరినీ అడగకపోతే ఆ ప్రశ్న తర్వాత రోడ్డు మీదకు వస్తుంది. నీళ్లు ఎక్కడివి, వాసన వస్తుందా, వ్యర్థాలు ఏ వాగులోకి పోతాయి అన్న ప్రశ్నలకు జవాబు భూమి కొనకముందే గ్రామసభలో చెప్పగలగాలి. చిన్న బయోగ్యాస్ ప్లాంటుకైనా ఇదే వర్తిస్తుంది.

ప్రైవేటు కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే ఏం అడగాలి?

1. మీరు రిపోర్టు రాసిన యూనిట్లలో ఇప్పుడు నడుస్తున్నవి చూపిస్తారా? వెళ్లి యజమానితో స్వయంగా మాట్లాడండి.
2. ఫీజు దేనికి? పనులవారీగా రాసివ్వమనండి. పని జరిగిన కొద్దీ చెల్లించండి, రసీదు తీసుకోండి.
3. మిషన్లు ఫలానా డీలర్ దగ్గరే కొనాలంటున్నారా? అయితే మరో రెండు చోట్ల కొటేషన్ తీసుకోండి.
4. అమ్మకాల అంచనా ఎక్కడిది? కిరాణా హోల్‌సేల్, హాస్టళ్లు, సూపర్‌మార్కెట్లలో ఎవరిని అడిగి రాశారు?
5. దరఖాస్తు లాగిన్, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వొద్దు.

లోన్ మంజూరు చేసేది బ్యాంకు. ‘గ్యారంటీ’ అనే మాట కన్సల్టెంట్ నోట వచ్చిందంటే అక్కడితో ఆగిపోవడం మంచిది.

మొదటి వారంలో ఏం చేయాలి?

ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి మీకు ఏ పథకం సరిపోతుందో, మీ జిల్లా డీఆర్పీ ఎవరో కనుక్కోండి. తర్వాత దగ్గర్లోని గిర్నీలోనో, స్వయం సహాయక సంఘం యూనిట్‌లోనో పది, ఇరవై కిలోలు తయారు చేయించండి. ప్యాకెట్లు కట్టి, తెలిసిన నాలుగు దుకాణాల్లో పెట్టి చూడండి. రెండోసారి కూడా అడిగారంటే అప్పుడు డీపీఆర్ రాయించుకోండి. అడగలేదంటే ఆ సంగతి లోన్ తీసుకోకముందే తెలిసినందుకు సంతోషించండి.