ఒక జీతం, రెండు పొయ్యిలు

2022 ఫిబ్రవరి. కరోనా సెలవుల తర్వాత బడులు తెరిచిన మొదటి వారం. పొద్దున ఆరింటికి హనుమకొండ బస్టాండులో భూపాలపల్లి బస్సెక్కితే కిటికీ సీటు దొరకదు. సగం సీట్ల మీద అప్పటికే కర్చీఫులు, టిఫిన్ డబ్బాలు ఉంటాయి. ఈ బస్సులో ఎప్పుడూ కనిపించేది సింగరేణి షిఫ్టుకు పోయేవాళ్ళు, చెల్పూరు థర్మల్ ప్లాంటువాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మధ్యన టీచర్లు, గుమస్తాలు ఇరుక్కొని కూర్చున్నారు. కొత్తవాళ్ళను గుర్తుపట్టడం తేలిక, ఇంకా కండక్టరును స్టేజీల పేర్లు అడుగుతున్నారు.

"మీకేడ వచ్చింది సార్?" మీ పక్కన కూర్చున్న మేడం వెనక సీటుకు తిరిగి అడుగుతుంది.

"పలిమెల."

"అబ్బో! ఆడ కిరాయికి రూమన్న దొరుకుతదా?"

"భూపాలపల్లిల రూము తీసుకున్న మేడం. ఇంట్ల సామాను ఎత్తుకపోదామంటే పిల్లల బడి ఈడనే ఉండె, అమ్మ మందులు ఈడనే ఉండె. స్టవ్వు, చాప, రెండు గిన్నెలు పట్కపోయిన."

గోదావరి అంచున ఉన్న పలిమెల దాకా రోజూ హనుమకొండ నుంచి తిరగడం మనిషి చేసే పని కాదు. భూపాలపల్లికి రైలు లేదు. బండి మీద పోదామా అంటే ఒక్క భూపాలపల్లికే రానూపోనూ నూట ముప్పై కిలోమీటర్ల దాకా అవుతుంది. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 108 రూపాయలు దాటిన రోజులివి. లీటరుకు నలభై అయిదు కిలోమీటర్లు వేసుకున్నా రోజుకు మూడు వందల పైమాట. వెనక సీటు సారు ఈ లెక్క ఫోనులో వేసి చూపిస్తాడు. నెలకు ఇరవై అయిదు రోజులు గుణించబోయి మధ్యలోనే ఆపేస్తాడు.

బస్సు పరకాల దాటుతుంది. సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. 2016 అక్టోబరు 11న పది జిల్లాల తెలంగాణ ముప్పై ఒకటైంది. పాత వరంగల్ చీలి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. ఉద్యోగులను అప్పట్లో 'ఆర్డర్ టు సర్వ్' కింద సర్దారు, తాత్కాలికమన్నారు. 2018లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ఎవరు శాశ్వతంగా ఏ జిల్లావాళ్ళో తేల్చడానికి 2021 డిసెంబరు 6న జీవో 317 వచ్చింది. కొలబద్ద సీనియారిటీ. ముందు వరసలో ఉన్నవాళ్ళు హనుమకొండ, వరంగల్ రాసుకున్నారు. జాబితా అడుగుకు వచ్చేసరికి మిగిలింది దూరపు జిల్లాలే. అడవి అంచు బడికీ టీచరు కావాలి, ఎవరో ఒకరు పోవాల్సిందే. ఆ మాట కాదనలేం. కానీ జాబితా అడుగున ఉన్నవాడంటే చాలా చోట్ల ఇంటి లోను మొదలైనవాడు, చిన్నపిల్లలున్నవాడు. పోవాల్సింది వాడే అయినప్పుడు పోయే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఒకటి ఉంటుంది.

ఆ ప్రశ్నకు జీతం కాగితంలో జవాబు తలకిందులుగా కనిపిస్తుంది. 2021 వేతన సవరణలో (పీఆర్సీ) ఇంటి అద్దె భత్యం నాలుగు మెట్లు: 24, 17, 13, 11 శాతం. వరంగల్ నగరానికి 17. ఏ మెట్టులోనూ పేరు లేని పల్లెకు 11. భత్యం మీ కుర్చీ ఉన్న ఊరిని బట్టి వస్తుంది, మీ ఇల్లున్న ఊరిని బట్టి కాదు. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్) టీచరు మొదటి మూలవేతనం 31,040 రూపాయలు. నగరంలో పనిచేస్తే అద్దె భత్యం 5,277. పల్లెకు పోతే 3,414. నెలకు 1,863 రూపాయలు తగ్గిన రోజే రెండో గది కిరాయి మొదలవుతుంది. రెండో అడ్వాన్సు, రెండో సిలిండరు, రెండో కరెంటు బిల్లు. పొయ్యి రెండైంది, జీతం ఒకటే.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇబ్బంది లేదనుకుంటారు బయటివాళ్ళు. అలాంటి ఇంటి సంగతి తెలియాలంటే వరంగల్ స్టేషనుకు రావాలి. నెక్కొండ, కేసముద్రం మీదుగా మహబూబాబాద్ పోయే రైలు. ఈ పెట్టెలో ఎవ్వరూ మహబూబాబాద్ అనరు, మానుకోటే. తలుపు దగ్గర నిలబడ్డ మేడం భర్త భూపాలపల్లిలో, ఆమె మానుకోటలో. తెల్లవారి ఇద్దరూ రెండు దిక్కులకు పోతే పిల్లవాడు అమ్మమ్మ దగ్గర. "బువ్వ తిన్నడా అమ్మా?" అని కేసముద్రం వచ్చేదాకా ఫోను. సీజను టికెట్టుతో ఖర్చు తక్కువే. రైలు తప్పితేనే నష్టం, ఆ రోజు షేరు ఆటోలు మారుతూ పోవాలి. గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాలు పడ్డవాళ్ళకు మానుకోట దాకా వచ్చే ఈ రైలుతో పనే లేదు, వాళ్ళు నర్సంపేట బస్సు చూసుకుంటారు.

ఆమె చేతిలో బ్యాంకు మెసేజి. ఇవ్వాళ అయిదో తారీకు, ఇంటి లోను ఈఎంఐ కోతకు వచ్చింది. ఖాతాలో సరిపడా డబ్బు లేదు. ఈ 2022లో జీతం ఒకటో తారీకున పడడం లేదు, ఒక్కో జిల్లాకు ఒక్కో రోజు వేస్తున్నారు. ఒకప్పుడు ఇద్దరికీ ఒకేసారి పడేది. ఇప్పుడు జిల్లాలు వేరు, రోజులూ వేరు. ఆమెది పడితే ఆయనది పడదు. బౌన్స్ చార్జీ వేసేది బ్యాంకు, అప్పు అడగాల్సింది బావమరిదిని. బస్సు ఖర్చన్నా తగ్గుతుందా అంటే, ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేకుండా చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న గానీ రాదు. దంపతులను కలపాలని ఎన్ని ధర్నాలైనా, 13 జిల్లాల్లో టీచర్ల దరఖాస్తులను పక్కన పెట్టారు. 2024లో మంత్రి దామోదర రాజనర్సింహ అధ్యక్షతన ఉపసంఘం కూర్చునేదాకా జీవో 317 బాధితులన్న మాట బతికే ఉంటుంది.

జనగామ జిల్లా పడ్డవాళ్ళను చూసి, దగ్గరే కదా అని మిగతావాళ్ళు ఓర్చుకోలేరు. కాజీపేటలో రైలెక్కితే ఘనపూర్, రఘునాథపల్లి, జనగామ. నిజమే. కానీ జనగామలో దిగిన సారుకు బచ్చన్నపేట మండలం పడింది. కాజీపేట స్టేషనులో ఒక స్కూటరు, జనగామ స్టేషనులో పాతది ఇంకొకటి. రెండు స్టాండ్లకూ నెలనెలా డబ్బులు, రెండింటికీ ఇన్సూరెన్సు. కుటుంబాన్నే జనగామకు తెచ్చుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగకుండా ఎవరూ ఉండరు.

ఆయన నవ్వి, ఉద్యోగాలకు ఎవరు ఎక్కడి లోకలో తేల్చే కొత్త జోన్ల లెక్క చెప్తాడు. ఒకే వరంగల్ జిల్లాగా ఉన్న నేల ఇప్పుడు మూడు జోన్లు. భూపాలపల్లి కాళేశ్వరం జోను. మహబూబాబాద్, హనుమకొండ, వరంగల్ భద్రాద్రి జోను. జనగామ యాదాద్రి జోను, కొన్ని జోన్లను కలిపిన మల్టీజోనే వేరు. ఒకటి నుంచి ఏడు దాకా కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే పిల్ల అక్కడి లోకల్. ఉద్యోగాల్లో 95 శాతం లోకల్‌కే. బిడ్డ హనుమకొండలో మూడో తరగతి చదువుతోంది.

"ఇంకొక్క సంవత్సరం ఆడ్నే చదివితే నాలుగేండ్లు అయితయి సార్," అంటూ స్కూటరు కిక్కు కొడతాడు. "అప్పటిదాక రెండు బండ్లూ నడుపుడే."