అండమాన్‌లో ఓటు పార్టీకా, మనిషికా?

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ ఓటరుకు ఎమ్మెల్యే అంటూ ఎవరూ ఉండరు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభే లేదు. స్థానిక సంస్థలు దాటితే మిగిలేది ద్వీపాలన్నింటికీ కలిపి ఒక్క లోక్‌సభ స్థానం. అందుకే ఇక్కడ పార్టీ ఎంతో, అభ్యర్థి మనిషిగా ఎలాంటివాడన్నదీ అంతే.

కాంగ్రెస్ నేత మనోరంజన్ భక్త 1977 నుంచి 1998 వరకు వరుసగా ఏడుసార్లు, 2004లో ఎనిమిదోసారి గెలిచారు. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా ఇక్కడ ఆయన నిలిచారు.

తర్వాతి పోటీలు ఇంకా ఆసక్తికరం. 2009, 2014లలో బీజేపీ అభ్యర్థి బిష్ణుపద రే చేతిలో కాంగ్రెస్ అభ్యర్థి కుల్దీప్ రాయ్ శర్మ ఓడారు. 2019లో రేకు టికెట్ దక్కలేదు. కొత్త అభ్యర్థి విశాల్ జాలీపై శర్మ 1,407 ఓట్లతో గట్టెక్కారు. 2024లో రే తిరిగొచ్చి అదే శర్మను 24,396 ఓట్ల తేడాతో ఓడించారు.

ఇదంతా రే మీది అభిమానమేనా? అంత తేలిగ్గా చెప్పలేం. అప్పటికి శర్మ సిట్టింగ్ ఎంపీ, ఆ వ్యతిరేకతా ఉండొచ్చు. పైగా ఏళ్లుగా చూసిన ముఖం వేరు, నమ్మిన మనిషి వేరు. ఓట్ల లెక్క ఆ రెండింటినీ విడదీయదు.

భాష సంగతీ ఉంది. 2011 జనగణనలో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు సుమారు 28 శాతం, తెలుగువారు 13 శాతం. ఏ ఒక్క భాషవారి ఓట్లూ గెలుపుకు చాలవు. ఏ అభ్యర్థి అయినా పరాయి భాషవారి చేత కూడా ‘మనవాడే’ అనిపించుకోవాల్సిందే.