పడవలో వాననీరు కారడం

డెక్కు మీద పడిన వాన సందుల గుండా పడవ లోపలికి దిగే లోపమిది. ఫైబర్‌గ్లాస్ పడవల్లో కిటికీ అంచులు, డెక్కు తలుపులు, తెరచాప స్తంభం అడుగుభాగం, బోల్టుల రంధ్రాల దగ్గర ఇది ఎక్కువ.

గుర్తింపు: సముద్రంలో తిరిగే పడవ అడుగున చేరిన నీరు ఉప్పగా లేకపోతే వాననీరని అనుమానించాలి. అయితే ముందు మంచినీటి ట్యాంకు, గొట్టాలు చూసుకోవాలి. చుక్క రాలిన చోటే కన్నం ఉంటుందని అనుకోకూడదు. నీరు లోపలి పలకల వెంట జారి దూరంగా రాలుతుంది. ఒకరు టార్చితో లోపల కూర్చుంటే, మరొకరు బయట పైపుతో కింది నుంచి పైకి ఒక్కో చోట కొన్ని నిమిషాలు నీళ్లు పట్టాలి. తొలి తడి మెరిసిన చోటు జాడ చెబుతుంది.

మరమ్మతు: బోల్టు రంధ్రం దగ్గర కారుతుంటే, ఆ బోల్టు విప్పి, పాత సీలెంటు గీకి, రంధ్రాన్ని పూర్తిగా ఆరనివ్వాలి. చాలా పడవల డెక్కు పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క ఉంటుంది, తడిస్తే కుళ్లుతుంది. అందుకే రంధ్రాన్ని పెద్దది చేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలిచి, బ్యూటైల్ టేపు చుట్టి బోల్టు బిగిస్తారు. లోపలి వైపు మాత్రమే పూత పూస్తే నీరు చెక్కలోనే నిలిచిపోతుంది. కారుడును ఎప్పుడూ బయటి నుంచే ఆపాలి.