పరిశోధన ఊరికి చేరిన దారి

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, కళాశాలలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని కనుక, ఒక చరిత్ర వ్యాసం రాయమని సంచిక సంపాదకవర్గం వారు అడిగారు. ఈ సంచిక చదివేవారిలో రైతులున్నారు, వ్యాపారులున్నారు, ఇంజినీర్లున్నారు, మనకు పాఠాలు చెప్పిన గురువులున్నారు. అందరికీ సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర మీద, భాష మీద, సాహిత్యం మీద జరిగే పరిశోధన మామూలు జనానికి ఎలా చేరాలి? ఒకప్పుడు మన తెలుగువాళ్లు ఈ ప్రశ్నకు మంచి జవాబే చెప్పారు.

ఆ జవాబు చెప్పినవారిలో ముందుగా తలచుకోవలసిన పేరు కొమర్రాజు లక్ష్మణరావు గారిది. ఎం.ఏ. పట్టా పుచ్చుకుని, మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ, శాసనాలు చదివి పరిశోధన చేసినవారాయన. ఆంగ్లంలో రాసి పండితుల మెప్పుతో తృప్తిపడి ఉండవచ్చు. ఆయన అలా ఆగలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసినప్పుడు దాని వెనక నిలిచారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించడంలో ముఖ్యులయ్యారు. తెలుగు తప్ప వేరే భాష రానివాడికి కూడా లోకంలోని విద్యలన్నీ అందాలన్నది ఆ మండలి పట్టుదల. అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో మొదలుపెట్టి, చరిత్ర గ్రంథాలు, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు వరసగా అచ్చువేశారు. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో ఈ మండలి ద్వారానే వచ్చింది. తర్వాత లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. ఆ పని ఇంకా తొలి అక్షరాల దగ్గర ఉండగానే 1923లో కన్నుమూశారు.

అప్పటికి తెలుగునాట విశ్వవిద్యాలయ చదువు కొత్త. ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వచ్చాయి. ఆ రోజుల్లో పరిశోధకుడికీ పాఠకుడికీ మధ్య పెద్ద గోడ లేదు. లక్ష్మణరావు గారి పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రచురించింది. ఊళ్లు తిరిగి, రాళ్లు వెతికి, అక్షరాలు రాసుకుని తెలుగులో అచ్చువేసిన పుస్తకమది. 1949లో సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వచ్చింది. ప్రతాపరెడ్డి గారు విశ్వవిద్యాలయ ఆచార్యులు కారు, గోలకొండ పత్రిక నడిపిన సంపాదకులు. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరి తీసి చూపించారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, దక్కింది ఈ పుస్తకానికే. కథ కాదు, కవిత్వం కాదు, జనం కోసం రాసిన చరిత్ర!

తర్వాత విశ్వవిద్యాలయాలు పెరిగాయి, పరిశోధనలు పెరిగాయి. కానీ పరిశోధన భాష ఎక్కువగా ఆంగ్లమైంది. ప్రమోషన్‌కు లెక్కకొచ్చేది పరిశోధన పత్రికలో అచ్చయిన వ్యాసమే. ఊరి గ్రంథాలయానికి రాసిన పుస్తకానికి మార్కులు లేవు. మా తరం సిద్ధాంత గ్రంథాలు నల్ల అట్టల బైండింగుతో విశ్వవిద్యాలయ బీరువాల్లో ఉండిపోయాయి. మధ్యయుగపు చెరువుల మీద నేను రాసినదీ అక్కడే ఉంది. నిబంధనల ప్రకారం జరిగిన పనే అది. కాని దానివల్ల ఏం పోగొట్టుకుంటున్నామో ఒక ఉదాహరణ చెబుతాను.

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు శాసనం ఉంది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు పనిచేశాయని శాసనం చెబుతుంది. అంతకన్నా విలువైన సంగతి ఇంకొకటి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ అందులో రాశారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై సాగునేల తక్కువ కావడం. ఇవీ ఆ ఆరు.

ఈ శాసనం సంస్కృతంలో ఉంది. దాన్ని చదివి, ఆంగ్లంలో వివరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' పద్నాలుగో సంపుటంలో ప్రకటించినవారు వి.ఎస్. సుక్తంకర్. తర్వాతి కాలంలో పుణెలో మహాభారత సంశోధిత ముద్రణకు ప్రధాన సంపాదకత్వం వహించిన మహాపండితుడాయన. చేసింది గొప్ప పని. అయితే మొదట సంస్కృతంలో, తర్వాత ఆంగ్లంలో ఉండిపోయిన ఆ మాట, చెరువు కింద మడి దున్నే రైతు చెవిన పడే దారేది?

రిటైరయ్యాక ఆ ఆరు దోషాలను వాడుక తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని, మా వైపు ఒక ఊరి చెరువు కట్ట మీద పాతికమంది రైతులకు చదివి వినిపించాను. అయిదో దోషం దగ్గరకొచ్చేసరికి నవ్వులు. ఆ ఊళ్లో తగాదా అదే మరి. నాలుగో దోషం విని ఒక ముసలి నీరటి లేచాడు.

"అయ్యవారూ, మా చెరువులోనూ నడుమ మిట్ట ఉండాది. అయితే అది పుట్టుకతో వచ్చింది కాదు. పూడిక తీసినోళ్లు మట్టి గట్టుకు ఎత్తకుండా ఆడే పోసిపోయినారు. రాతి మీద రాసినాయన ఆ సంగతి కూడా చెప్పినాడా?"

"లేదు పెద్దాయనా, శాసనంలో ఆ మాట లేదు. నువ్వు చెప్పింది నేను రాసుకుంటాను," అన్నాను.

ఆ కాగితం నకళ్లు వాళ్లు అడిగి తీసుకున్నారు. చెరువు శిఖం భూమిలో ప్లాట్లు వేసే ప్రయత్నం జరుగుతుంటే, గ్రామసభలో దాన్ని చదివారు. తగాదా ఇంకా తేలలేదు. కానీ ఆరువందల ఏళ్లనాటి మాట ఒకటి వాళ్ల వాదనలో చేరింది. పరిశోధన ఊరికి వెళ్లడమంటే పండితుడు చెప్పడం, జనం వినడం మాత్రమే కాదని ఆ నీరటి మాటతో నాకు రుజువైంది. ఏ శాసనంలోనూ లేని సమాచారం అతని దగ్గర ఉంది.

ఇందులో ఒక జాగ్రత్త కూడా అవసరం. జనానికి చెబుతున్నాం కదా అని రుచి కోసం కల్పన కలిపితే అది చరిత్ర కాదు. ఇవాళ ఫోన్లలో తిరిగే కులాల పుట్టుకలు, ఊరి పేర్ల కథలు చాలావరకు ఆధారం లేనివే. తెలిసినవాళ్లు మాట్లాడకపోతే ఆ ఖాళీని అవే నింపుతాయి. కాబట్టి తేలికగా చెప్పాలి, ఆధారం చూపించాలి. శాసనంలో ఉన్నదేది, మనం ఊహించినదేది అని విడదీసి చెప్పాలి. రైతుకు అది అర్థం కాదనుకోవడం మన అహంకారమే. దస్తావేజులో ఏముందో, మధ్యవర్తి ఏమంటున్నాడో వేరు చేసి చూడడం అతనికి ఎప్పటినుంచో అలవాటు.

మన సంఘానికి ఒక విన్నపం. మనలో ఎం.ఫిల్., పిహెచ్.డి. చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరి గ్రంథం ప్రతి ఒకటి వారు మన పాఠశాల గ్రంథాలయానికి ఇద్దాం. దానితోపాటు పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో పది పేజీల సారాంశం రాసిద్దాం. ఉపాధ్యాయ మిత్రులు తొమ్మిదో తరగతి పిల్లలను చుట్టుపక్కల ఊళ్లకు తీసుకెళ్లి, గుడి ముందు, చెరువు కట్ట మీద ఉన్న శాసనాలకు ఫోటోలు తీయించవచ్చు. సాయంత్రపు ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా కనిపిస్తాయి. రాళ్లకు సున్నం, రంగులు పూయవద్దని ఊరివారికి పిల్లల చేతే చెప్పించాలి. సున్నం కింద అక్షరం ఒకసారి పూడుకుపోతే దాన్ని చదవడం ఎంత పండితుడికైనా కష్టమే.

మొదటి సారాంశం నాదే. చెరువుల మీద పది పేజీలు రాసి ప్రధానోపాధ్యాయుల వారికి అందజేశాను. అందులో చివరి పేజీ ఆ నీరటి చెప్పిన మాటలకు కేటాయించాను.