లిఫ్టు అందరిదైన విధము

ఎత్తైన భవనములలో మనుష్యులను పైకి, క్రిందికి చేర్చు యంత్రమే లిఫ్టు. మెట్లెక్కలేని వారికే దీని అవసరము ఎక్కువ. అయినను వారు పరుల సాయము లేక దీనిని వాడుకొనుటకు మార్గమేర్పడుటకే నూరేండ్లకు పైగా పట్టినది.

1854లో ఎలిషా ఓటిస్ న్యూయార్కు ప్రదర్శనశాలలో ఒక వ్రేలాడు వేదికపై నిలిచి, దాని త్రాటిని నరికించెను. వేదిక పడలేదు. త్రాటి లాగుడువలన వంగియున్న స్ప్రింగు, త్రాడు తెగగానే చాచుకొని, ఇరుప్రక్కల పట్టాల పండ్లలో ఇరుక్కొనినది. 1857లో ఆ నగరమందే ఒక దుకాణములో ఓటిస్ సంస్థ ప్రయాణికుల లిఫ్టు నమర్చినది.

ఆ పిదప చాలకాలము లిఫ్టును ఒక మనిషి లోపల నిలిచి, పిడి త్రిప్పి నడుపుచుండెను. అతడు సరిగా ఆపనిచో లిఫ్టు అడుగునకు, అంతస్తు నేలకు నడుమ చిన్న గట్టు మిగులును. నడచువారు దానిని దాటుదురు. చక్రాల కుర్చీ దాటలేదు. లిఫ్టు తనంతట తానే నేలమట్టమున నిలుచు ఏర్పాటుతో ఈ చిక్కు తీరినది. కాని 1950 నుండి నడుపువాడు లేని లిఫ్టులు వ్యాపించగా మరియొక చిక్కు పుట్టినది. మునుపు కావలసిన అంతస్తును నోట చెప్పిన చాలును; ఇప్పుడు బొత్తాము నొక్కవలెను. ఎత్తుననున్న బొత్తాము కుర్చీలోనివారికి అందదు. దానిపై అంకె అంధులకు కనపడదు.

ఇల్లినాయి విశ్వవిద్యాలయమున టిమొతి నుజెంట్ నాయకత్వమున జరిగిన పరిశోధనల ఫలితముగా 1961లో అమెరికా తొలి ప్రమాణములు వెలువడినవి. ప్రజలు వాడు అంతస్తులన్నిటికిని వికలాంగులు లిఫ్టులో చేరగలుగవలెనని అవి తెలిపినవి. ప్రమాణము సలహా మాత్రమే. 1968లో ప్రభుత్వ ధనముతో కట్టు భవనములకు శాసనము వచ్చినది. 1970లో అది వాషింగ్టను భూగర్భ రైలుమార్గమునకును వర్తించినది. లిఫ్టులు లేని స్టేషనులను నడుపరాదని 1973లో న్యాయస్థానము ఆజ్ఞాపించినది. 1976 మార్చి 27న రైళ్ళు కదలినవి. గాలరీ ప్లేస్ స్టేషను మాత్రము ఈ సౌకర్యము విషయమై న్యాయస్థానపు ఆజ్ఞవలన డిసెంబరు 15 వరకు తెరువబడలేదు.

1991లో అమెరికాలో కొలతలు మరింత స్పష్టమైనవి. తలుపు వెడల్పు 36 అంగుళములు. పిలుపు బొత్తాము ఎత్తు 42 అంగుళములు. నేలల తేడా అర అంగుళమునకు మించరాదు. అంకెలకు బ్రెయిలీ లిపి తోడైనది. పైకి పోవుటకు ఒక ధ్వని, క్రిందికి పోవుటకు రెండు ధ్వనులు ఏర్పడినవి.

మన దేశమున 1995 శాసనము లిఫ్టులలో బ్రెయిలీ గుర్తులను, ధ్వని సూచనలను పేర్కొన్నది. కాని ఆర్థికశక్తి మేరకే అని పరిమితి పెట్టినది. 2016 శాసనము ముందడుగు వేసి, నియమములను పాటింపని ప్లానులకు అనుమతి ఈయరాదని విధించినది.

విద్యార్థులు ఒక కొలబద్దతో తమ ఊరి లిఫ్టును పరీక్షింపవచ్చును. తలుపు ఎంత వెడల్పు? బొత్తాము ఎంత ఎత్తు? ఒక మనిషి ఒంటరిగా తన పనికి పోగలుగుటయో, వాకిటనే ఆగిపోవుటయో ఆ కొన్ని అంగుళములే నిర్ణయించును.