ఇంటి వాసాలు, గుత్తేదారు లెక్కలు

కిష్టారంలో గాలికి కప్పు లేచిపోతే “ఎవరిని నమ్మి పని అప్పగించాలి?” అన్న ప్రశ్న చాలా తరాలపాటు ఎవరికీ ఎదురుకాలేదు. కప్పు కట్టినవాడు పక్కింట్లోనే ఉన్నాడు. వచ్చే వైశాఖంలో గాలిదుమారం లేస్తే అతని చూరుకూ అదే గతి పడుతుంది, అప్పుడు అతనికి ఈ ఇంటివాళ్ల చేతులు కావాలి. ఇంతకు మించిన పూచీ ఏ బాండు కాగితమూ ఇవ్వలేదు. ఆ పూచీ ఎలా సడలిందో, దాని చోటు నింపడానికి ప్రభుత్వాలు ఏమేం చేశాయో తెలియాలంటే అడవి నుంచే మొదలుపెట్టాలి.

కిష్టారం ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కుంట తాలూకా ఊరు. సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. పటంలో బస్తర్ అయినా ఈ ప్రాంతం మాటలో, సంతలో సగం తెలుగుదే. ఇక్కడి దొర్ల ఆదివాసీల మాట కోయ భాషకు దగ్గర, అందులో తెలుగు బాగా కలిసిపోయింది. సరిహద్దు దాటితే చర్ల, ఇంకా ముందుకు వెళ్తే భద్రాచలం. మిరప కోతల కాలంలో బస్తర్ కూలీలు గుంపులుగా ఇటు వస్తారు. బయటి పత్రికల్లో ఈ ఊరి పేరు ఎక్కువగా వినబడింది మాత్రం 2018 మార్చి 13న. ఆ రోజు ఇక్కడికి దగ్గర్లో మందుపాతర పేలి తొమ్మిదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు.

ఈ అడవుల్లోని పాత పద్ధతి ఇంట్లో కొన్న వస్తువు దాదాపు ఉండదు. నేలలో పాతిన గుంజలు, నడుమ నిట్రాడు, దాని మీద దూలం, దూలం నుంచి రెండు వైపులా దిగే వాసాలు. గోడలంటే వెదురు తడికలు, వాటి మీద మట్టి మెత్తు. కప్పుకు గడ్డి గానీ తాటాకు గానీ, కొన్నిచోట్ల పెంకు. మేకు ఉండాల్సిన చోట నార ఉంటుంది. అడ్డతీగ పట్టను నానబెట్టి తీసిన నారతో వాసాన్ని దూలానికి బిగిస్తారు. గాలి విసిరినప్పుడు మేకు దిగిన చోట కర్ర చీలుతుంది, నార కట్టు కొంచెం సాగి మళ్లీ నిలుస్తుంది. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే తల వంచాల్సిందే. గాలి లోపలికి దూరి కప్పును పైకి ఎత్తకుండా ఆ వంపే కాపాడుతుంది. వెదురును నీళ్లలో నానబెట్టి వాడితే పుచ్చు తొందరగా పట్టదు. నానబెట్టారో లేదో ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే వాగులో వెదురు మోపులు ఎవరివో అందరూ చూస్తారు. నాణ్యత తనిఖీ అక్కడే అయిపోతుంది.

కప్పు వేసే రోజు ఇంటి యజమాని అన్నం పెడతాడు, కల్లో ఇప్పసారానో పోస్తాడు. డబ్బు లెక్క లేదు. పనికి వచ్చినవాడి ఇంటికి రేపు పనికి వెళ్లడమే చెల్లింపు.

గుత్త అనేది ఈ ఏర్పాటులోకి ఇంటి కోసం రాలేదు, చెట్టు కోసం వచ్చింది. గోదావరి లోయలో కొండరెడ్ల మధ్య 1940ల మొదట్లో ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1945లో వచ్చిన తన పుస్తకంలో కలప వ్యాపారుల సంగతి వివరంగా రాశాడు. ముందుగా కొంచెం అప్పు, తర్వాత ఏళ్ల తరబడి కలప నరికి నదిలోకి దించే చాకిరీ. బాకీ ఎంత మిగిలిందో రాసే పుస్తకం వ్యాపారి దగ్గరే ఉంటుంది. చదువు రానివాడికి ఆ పుస్తకంలో ఏముందో అడిగే దారే లేదు.

బస్తర్‌లో ఇదే మోసం 1990లలో చట్టం ముసుగు వేసుకుంది. సొంత పట్టా భూమిలోని చెట్లను అమ్ముకునే హక్కు ఆదివాసీలకు ఉండేది. దాన్ని ‘మాలిక్ మక్బూజా’ అనేవారు. కలప వ్యాపారులు, కొందరు అధికారులు కలిసి నిలువెత్తు టేకు చెట్లను కారుచౌకగా రాయించుకున్నారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, సీబీఐ దర్యాప్తు జరిగింది. 1999లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం చెట్లపై ఆదివాసీల హక్కును కాపాడేందుకు కొత్త చట్టం చేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం కదా, ఇక్కడ ఆ మాట అక్షరాలా జరిగింది. వాసాలూ దూలాలూ కావాల్సిన చెట్లే లెక్కకెక్కి లారీలెక్కాయి.

కలప ఒక్కటే కాదు. 1980లో ఆంధ్ర నుంచి నక్సలైట్ దళాలు గోదావరి దాటి బస్తర్‌లోకి వచ్చినప్పుడు మొదట చేపట్టిన పోరాటాల్లో తునికాకు కట్ట ధర, కాగితపు మిల్లులకు నరికే వెదురు కూలి ముఖ్యమైనవి. ఎదుట ఉన్నది కాంట్రాక్టరే. ఆ తర్వాత రోడ్లు. యంత్రాలు తగలబెట్టడం, పోలీసు కాపలాతో తారు పోయడం, వేసిన ఏడాదికే గుంతలు పడ్డాయన్న ఫిర్యాదులు ఈ జిల్లాల్లో మామూలు వార్తలయ్యాయి. పక్కనున్న బీజాపూర్‌లో రోడ్డు పనిలో అవినీతిపై కథనం చేసిన విలేఖరి ముకేశ్ చంద్రాకర్ మృతదేహం 2025 జనవరి 3న ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఇంత చరిత్ర ఉన్నచోట “మంచి కాంట్రాక్టరును ఎంచుకోండి” అన్న సలహాను జనం అనుమానంగా వినడంలో ఆశ్చర్యం లేదు.

గుత్తేదారు ఇంటి దాకా ఎలా వచ్చాడో చూడాలంటే ఒకసారి సముద్రం ఒడ్డుకు వెళ్లాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పది వేలమంది చనిపోయారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో పూరిళ్లన్నవి మిగల్లేదు. రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలు ఊళ్లను దత్తత తీసుకుని పక్కా ఇళ్లు కట్టాయి. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. ఇల్లు కట్టడం కుటుంబం పని అన్న లెక్క పోయి ప్రభుత్వ కార్యక్రమమైంది. ఒక్కసారిగా వేల ఇళ్లు కట్టాలంటే పొరుగువాళ్ల చేతులు చాలవు. టెండర్లు, కొలతల పుస్తకాలు, బిల్లులు వచ్చాయి. ఇంట్లో ఉండబోయేవాడికి, కట్టేవాడికి మధ్య ఇంజనీరు నిలబడ్డాడు. గోడలో ఎంత సిమెంటు పడిందో ఇంటివాడు చూసినా అతని మాటకు బిల్లులో చోటు లేదు.

దిల్లీకి ఈ లోపం త్వరగానే తెలిసింది. 1985–86లో మొదలై, 1996 జనవరి 1 నుంచి ప్రత్యేక పథకంగా నడిచిన ఇందిరా ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో ఒక మాట సూటిగా ఉండేది: ఇంటి నిర్మాణంలో కాంట్రాక్టరు ప్రమేయం ఉండరాదు. ఉన్నట్టు తేలితే రాష్ట్రానికిచ్చిన డబ్బును కేంద్రం తిరిగి రాబట్టుకోవచ్చు. రోడ్డుకు, చెరువుకు, బడికి టెండరు పిలిచే ప్రభుత్వమే పేదవాడి ఇంటి దగ్గరికి వచ్చేసరికి గుత్తేదారును గుమ్మం బయటే ఆపింది. 2016 నవంబరు 20న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన–గ్రామీణ్ కూడా ఇదే బాట పట్టింది. కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు, మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాలతో పాటు సుక్మా లాంటి జిల్లాల్లో 1.30 లక్షల రూపాయలు. డబ్బు లబ్ధిదారు ఖాతాలోకే, అదీ విడతలుగా. పునాది, గోడ, కప్పు ఏ దశ పూర్తయిందో స్థలం గుర్తుతో కూడిన ఫొటో ఎక్కితేనే తర్వాతి విడత.

పాత ఊళ్లో వాగు ఒడ్డున వెదురు మోపులు చేసిన పనిని ఇప్పుడు ఫోను కెమెరా చెయ్యాలి. అది సగమే చేస్తుంది. ఫొటోలో గోడ లేచిందని తెలుస్తుంది, ఇసుక పాలెంతో తెలియదు.

నిబంధన ఉన్నంత మాత్రాన గుత్తేదారు మాయం కాలేదు. కిష్టారం లాంటి ఊరికి సిమెంటు, ఇనుము రావాలంటే లారీ రావాలి, లారీ రావాలంటే దారి ఉండాలి, సరుకు తెచ్చే మనిషి ఉండాలి. బ్యాంకు ఖాతా నడపడం రాని ముసలమ్మ తరఫున ఎవరో ఒకరు కాగితాలు చూడాలి. ఆ ఎవరో ఒకరు నెమ్మదిగా ఇల్లు కట్టించేవాడుగా మారతాడు. కాగితం మీద అతను లేడు కాబట్టి కప్పు కారినప్పుడు పట్టుకోవడానికీ ఉండడు. నిషేధానికి ఉన్న రెండో ముఖం ఇదే. గ్రామ సడక్ యోజన రోడ్డు వేసిన కాంట్రాక్టరు ఐదేళ్లపాటు దాన్ని బాగుచేస్తూ ఉండాలి. పేదవాడి ఇల్లు కట్టించిన అజ్ఞాత గుత్తేదారుకు ఐదు రోజుల పూచీ కూడా లేదు.

తెలుగు రాష్ట్రాల అనుభవం దీన్ని ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో కట్టని ఇళ్లకు బిల్లులెత్తారన్న ఆరోపణలు రావడంతో తెలంగాణ ప్రభుత్వం 2014లో సీఐడీ విచారణకు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకం లబ్ధిదారుకు మూడు దారులు చూపింది: సరుకు తానే కొనుక్కుని కట్టుకోవడం, సరుకు ప్రభుత్వం దగ్గర తీసుకుని కూలి డబ్బు పొందడం, మొత్తం ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం. ఇంటికి 1.80 లక్షలు. మూడో దారిలో పని కాంట్రాక్టర్లకు చేరింది, ఆలస్యం, నాణ్యత మీద ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిందీ ఆ దారిలోనే. దగ్గరుండి చూసుకునే అవకాశం యజమాని చేతిలోంచి జారిన చోటే పనీ జారింది.

బస్తర్ ఇళ్లను కూల్చింది గాలివాన ఒక్కటే కాదు. 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఊళ్లలో వందల ఇళ్లు తగలబడ్డాయి. ఆ కేసును సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. అంతకుముందు 2005 నుంచి, నక్సలైట్లకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం కాలంలో వేలమంది గోదావరి వైపు పారిపోయి వచ్చి ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది అలాంటి గుడిసెలను కూల్చారు. ఎన్నిసార్లు కూలినా వాళ్లు మళ్లీ కట్టుకున్నది తమ చేతులతోనే, పక్క గుడిసె వాళ్ల సాయంతోనే. పాత ఇచ్చిపుచ్చుకోళ్లు బతికాయంటే ఆచారం మీద ప్రేమ కంటే వేరే దిక్కు లేకపోవడమే ఎక్కువ కారణం.

డబ్బున్న దేశాల్లో ఈ చిక్కు లేదనుకుంటే పొరపాటు. 1992 ఆగస్టు 24న ఫ్లోరిడాను తాకిన హరికేన్ ఆండ్రూ తర్వాత కూలిన కప్పులు విప్పి చూస్తే, కప్పు పలకలను వాసాలకు పట్టి ఉంచాల్సిన పిన్నులు చాలాచోట్ల కర్రకు తగలకుండా పక్కనుంచి పోయినట్టు తేలింది. తనిఖీ అధికారుల సంతకాలు మాత్రం ఉన్నాయి. ఆ గుణపాఠంతోనే 2002 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నిర్మాణ నియమావళి అమల్లోకి వచ్చింది. తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. వడగళ్ల వాన పడిన మర్నాడే కప్పులు మారుస్తామంటూ తలుపు తట్టేవాళ్లు బయల్దేరతారు. బీమాలో ఇంటివాడు కట్టాల్సిన వాటాను మాఫీ చేస్తామని ఆశపెట్టడాన్ని అక్కడ 2019లో చట్టవిరుద్ధం చేశారు.

ఆండ్రూలో తప్పిన పిన్ను, కుంట తాలూకాలో తప్పే జె–హుక్కు ఒకే జాతివి. గడ్డి పోయి రేకు వచ్చాక కప్పు బలమంతా ఆ చిన్న ఇనుప కొక్కెంలోకి చేరింది. గాలి రేకును ముందు లేపేది చూరు దగ్గర, మూలల్లో, కొప్పు దగ్గర. హుక్కులు దగ్గరదగ్గరగా పడాల్సింది అక్కడే, మిగుల్చుకోవాలనుకునే మేస్త్రి వదిలేసేదీ అక్కడే. నట్టు కింద తారు వాషరు లేకపోతే మొదటి వానకే రంధ్రం కారుతుంది, రెండో ఏటికి తుప్పు మొదలవుతుంది. నిచ్చెన ఎక్కి చూరు వెంబడి హుక్కులు లెక్కపెడితే ఆ మేస్త్రి ఎలాంటివాడో తెలిసిపోతుంది. అతను అంతకుముందు కప్పు వేసిన ఇంటికి వానాకాలంలో వెళ్లి చూడటం ఇంకా నయం. చివరి వాయిదా కొంత ఆపి ఒక వాన పడ్డాక ఇవ్వడమన్నది పెద్ద పెద్ద ప్రభుత్వ పనుల్లో డిపాజిట్ ఆపి ఉంచే పద్ధతికి చిన్న రూపమే.

గ్రామీణ ఆవాస్ పథకం కింద ఊరి యువకులకు 45 రోజుల మేస్త్రి శిక్షణ పెట్టారు. శిక్షణలో భాగంగా వాళ్లు కట్టేది నమూనా గోడ కాదు, నిజమైన లబ్ధిదారు ఇల్లే. ఆ మేస్త్రి అదే ఊళ్లో ఉంటాడు కాబట్టి పాత పూచీలో కొంత భాగం తిరిగి వస్తుంది. పెద్ద ఇబ్బంది డబ్బు పరిమాణంలో ఉంది. విపత్తు సహాయ నిధి 2022–26 కాలపు నియమాల్లో పూర్తిగా కూలిన ఇంటికి ఈ జిల్లాల్లో 1.30 లక్షలు, కనీసం 15 శాతం దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000, పక్కా ఇంటికి 6,500, గుడిసె పోతే 8,000. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి, శబరి వెనక్కి తన్ని కుంట వైపు దారులు మునిగినప్పుడైనా, ఏటా వేసవి గాలులకు కప్పులు లేచినప్పుడైనా ఎక్కువ ఇళ్లు పడేది ఆ చిన్న అంకెల్లోనే. లక్షా ముప్పై వేల ఇంటికి కాగితాలు పట్టుకుని తిరిగే మనుషులు చాలామంది దొరుకుతారు. నాలుగు వేల మరమ్మతులో ఎవరికీ లాభం లేదు కనుక కుంట నుంచి దానికోసం ఏ గుత్తేదారూ బయల్దేరడు. ఆ పని ఇప్పటికీ ఊరివాళ్ల వంతే.